చదువు అబ్బలేదా? అబ్బనివ్వలేదా?

ఏటికొప్పాక అంటే ఎవరికైనా లక్క బొమ్మలే గుర్తొస్తాయి. వరాహ నది ఒడ్డున, ఎలమంచిలికి దగ్గర్లో ఉన్న ఊరు. అంకుడు కర్రని లేతు మీద తిప్పి, లక్క రంగులు పట్టించి చేసే ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరికి చెందిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డేనాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది కూడా ఏటికొప్పాక బొమ్మలే. దేశంలో మొదటి సహకార చక్కెర ఫ్యాక్టరీల గురించి చెప్పేటప్పుడు కూడా 1933 నాటి ఏటికొప్పాక పేరు వస్తుంది. బొమ్మ గురించి రాశారు, చక్కెర గురించి రాశారు. చెరకు నరికిన చేతుల గురించి, ఆ చేతుల పిల్లల చదువు గురించి రాసింది మాత్రం బహు తక్కువ.

బడి మానేసిన పిల్లల గురించి అడుగుతూ మేం ఆ చుట్టుపక్కల పేటల్లో తిరిగాం. కూలికి పోయి వచ్చిన ఒక తల్లి మాతో అన్న మాట ఇది: "మా గుంటడికి సదువు అబ్బనేదు బాబూ. మేస్టారే సెప్పీసినాడు."

ఈ మాట మాకు కొత్త కాదు. మా ఇళ్ళల్లో మా అన్నల గురించీ, అక్కల గురించీ ఇదే మాట విన్నాం. కానీ పరిశోధన పేరు మీద నోటుబుక్కులో రాసుకుంటున్నప్పుడు ఒక సంగతి తట్టింది. "చదువు అబ్బలేదు" అన్న వాక్యంలో చదువు ఉంది, పిల్లవాడు ఉన్నాడు. బడి లేదు. "బడి మానేశాడు" అన్న వాక్యంలో బడి ఉంది గానీ పని చేసింది మాత్రం పిల్లవాడే. మానేసింది వాడు, తప్పు వాడిది. మన భాషలో పేట పిల్లల చదువు గురించి చెప్పే ఏ వాక్యంలోనూ బడి కర్తగా ఉండదు. బడి ఏం చేసిందో చెప్పే వాక్యం మనకి అలవాటే కాలేదు.

తల్లి నోట ఆ మాట వచ్చిందంటే అర్థం ఉంది. మాస్టారు చెప్పిన మాటని ఆమె నమ్మింది. కానీ డాక్టరేట్లు ఉన్న పరిశోధకులూ, ఢిల్లీలో కూర్చుని విధానాలు రాసే పెద్దలూ అదే వ్యాకరణం రాస్తున్నారు. వాళ్ళ మాట కాస్త ఖరీదైంది, అంతే. దాన్ని ఇప్పుడు "ముప్పులో ఉన్న పిల్లలు, యువత" అంటున్నారు. ఈ వ్యాసంలో మేం విమర్శించేది ఆ మాటనీ, ఆ మాట వెనక ఉన్న పరిశోధననీ, ఆ పరిశోధన మీద నిలబడ్డ విధానాన్నీ.

పేర్లు మారుతున్నాయి, వేలు చూపే దిక్కు మారలేదు

బడి మధ్యలో ఆగిపోయిన పిల్లలకి ఈ దేశంలో సర్కారు పెట్టిన పాత పేర్లలో ఒకటి "వృథా". సైమన్ కమిషన్‌కి అనుబంధంగా పనిచేసిన హార్టాగ్ కమిటీ 1929లో ఇచ్చిన నివేదిక "వృథా, స్తబ్ధత" అన్న జంట మాటల్ని విద్యారంగంలో పాతుకుపోయేలా చేసింది. ప్రాథమిక విద్య ముగియకుండా బడి వదిలితే వృథా. ఒకే తరగతిలో ఏళ్ళకేళ్ళు ఉండిపోతే స్తబ్ధత. ఈనాటికీ టీచర్ ట్రైనింగు పుస్తకాల్లో ఈ రెండు మాటలూ పరీక్ష ప్రశ్నలుగా వస్తూనే ఉన్నాయి. దానికి హార్టాగ్ కమిటీ చెప్పిన మందు ఏమిటి? విస్తరణ కాదు, స్థిరీకరణ. అంటే బడుల సంఖ్య పెంచడం కాదు, ఉన్నవాటిని బాగుచేసుకోవడం, సరిగా నడవనివాటిని తగ్గించుకోవడం.

దీనికి రెండేళ్ళ ముందే, 1927 మార్చిలో, బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ ఇదే లెక్క మాట్లాడాడు. ప్రాథమిక బడిలో చేరిన ప్రతి 100 మందిలో 18 మందే నాలుగో తరగతికి చేరుతున్నారనీ, తక్కిన 82 మంది మళ్ళీ నిరక్షరాస్యులైపోతున్నారనీ చెప్పాడు. అంకె హార్టాగ్ కమిటీకి తెలిసిన అంకె లాంటిదే. అడిగిన ప్రశ్న మాత్రం వేరు. ఆ 82 మంది ఎందుకు పనికిరాకుండా పోయారని ఆయన అడగలేదు. ప్రభుత్వం చదువు మీద తలకి 14 అణాలు ఖర్చు పెడుతూ, అదే జనం దగ్గర ఆబ్కారీ రూపంలో తలకి రెండు రూపాయలకి పైగా ఎందుకు గుంజుతోందని అడిగాడు. వెనకబడిన కులాలకి మిగతావాళ్ళతో సమానంగా ఇస్తే చాలదనీ, ఎక్కువ ఇవ్వాలనీ వాదించాడు. హార్టాగ్ వాక్యంలో పిల్లవాడు వృథా. అంబేద్కర్ వాక్యంలో కర్త ప్రభుత్వం. ఒకే అంకె నుంచి రెండు రకాల పరిశోధన పుట్టొచ్చనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"ముప్పు" అన్న మాట అమెరికా నుంచి వచ్చింది. 1983లో అక్కడి ప్రభుత్వ కమిషన్ ఒకటి దేశమే ముప్పులో ఉందని నివేదిక ఇచ్చింది. బడులు దిగజారి దేశం వెనకబడిపోతోందన్నది దాని గోల. ఆ తర్వాత కొన్నేళ్ళలో ముప్పు దేశం మీంచి దిగి నల్లజాతి పిల్లల మీద, పేద పిల్లల మీద, వలస వచ్చిన కుటుంబాల పిల్లల మీద కూర్చుంది. అక్కడి ఉపాధ్యాయులూ ఉద్యమకారులూ అభ్యంతరం చెప్పగా చెప్పగా, కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టం చేసి తన విద్యా చట్టాల్లోంచి ఆ మాట తీసేసింది. దాని బదులు "ఆశ ఉన్న యువత" అన్న అర్థం వచ్చే మాట పెట్టింది. మంచిదే. కానీ ఇలాంటి నామకరణాలు మనం చూడనివా? మనల్ని హరిజనులన్నప్పుడూ పేరు బాగానే ఉంది. పేట ఊరి బయటే ఉంది.

మన దేశంలో 2020 జాతీయ విద్యా విధానం ఇంకో పని చేసింది. ఎస్సీ, ఎస్టీ, బీసీలు, మైనారిటీలు, ఆడపిల్లలు, వికలాంగులు, వలస కూలీల పిల్లలు, మారుమూల ప్రాంతాలవాళ్ళు, అందర్నీ కలిపి "సామాజిక, ఆర్థిక ప్రతికూలత ఉన్న సమూహాలు" అని ఒకే గంపలో వేసింది. వీళ్ళందరికీ కష్టాలు ఉన్నమాట నిజమే. ఒక్కో కష్టం వెనక ఒక్కో కారణం ఉంటుంది. దారి లేక బడికి దూరమైన పిల్లకి రోడ్డు వేస్తే సరిపోతుంది. దారి ఉండి, బడి ఉండి, బడిలో వెనక బెంచీ దాటలేని పిల్లకి రోడ్డు వేస్తే ఏం లాభం? గంప ఒక్కటైనప్పుడు కులం గంప అడుగుకి పోతుంది. "ప్రతికూలత" ఉందంటారు. ఎవరు కల్పించారన్నది చెప్పరు.

ప్రశ్నావళిలో లేని గళ్ళు

బడి మానేయడానికి కారణాల మీద మన విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధనల్లో చాలావాటికి ఒక మూస ఉంది. తండ్రి వృత్తి, తల్లి అక్షరాస్యత, ఇంట్లో ఎంతమంది, నెల ఆదాయం, తాగుడు అలవాటు ఉందా, చదువు మీద తల్లిదండ్రుల వైఖరి ఏమిటి. ఇవన్నీ నింపాక ముగింపు ముందే తయారు: పేదరికం, తల్లిదండ్రుల అజ్ఞానం. సిఫారసు కూడా తయారే: అవగాహన కల్పించాలి.

ఈ ముగింపు తప్పని చెప్పినవాళ్ళు లేకపోలేదు. 1991లో మైరన్ వీనర్ అనే అమెరికన్ పండితుడు భారతదేశంలో బాల కార్మికుల మీద పుస్తకం రాశాడు. ఈ దేశం నిర్బంధ విద్య పెట్టకపోవడానికి అసలు కారణం పేదరికం కాదన్నాడు. కింది కులాల పిల్లలు చేతిపని కోసమే పుట్టారన్న నమ్మకం మన అధికారుల్లో, మధ్యతరగతిలో గట్టిగా ఉండడమే కారణమని రాశాడు. అదే ఏడాది నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, వెట్టిలో ఉన్న పిల్లల్ని పని మాన్పించి, శిబిరాల్లో చదివించి, వయసుకి తగ్గ తరగతిలో చేర్పించడం మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది వాళ్ళ సూత్రం. కూలినాలి చేసుకునే తల్లిదండ్రులు పిల్లల్ని చదివించడానికి ముందుకొస్తారని వాళ్ళ పని చూపించింది. 1999లో ఉత్తర భారత రాష్ట్రాల్లో సర్వే చేసి వేసిన ప్రోబ్ నివేదిక కూడా అదే చెప్పింది. తల్లిదండ్రులకి చదువు మీద కోరిక ఉంది, బడిలోనే చదువు లేదని.

అయినా మూస మారలేదు. ఎందుకంటే ప్రశ్నావళిలో కొన్ని గళ్ళు అసలే ఉండవు. తరగతి గది ఎవరు ఊడుస్తారు? నీళ్ళ కుండ దగ్గరికి ఎవరు వెళ్ళొచ్చు? మాస్టారు ఎవరి పలక ముట్టుకుని దిద్దుతాడు, ఎవరి పలక దూరం నుంచి చూస్తాడు? ఎవర్ని పేరుతో పిలుస్తాడు, ఎవర్ని "ఒరేయ్ స్కాలర్‌షిప్పూ" అంటాడు? ఇది రాస్తున్న మేం మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం. మేం చదువుకున్న ఒక బడిలో, "ఎస్సీలు లేచి నిలబడండి" అని తరగతి మధ్యలో నిలబెట్టి ఫారాలు పంచేవాళ్ళు. తలొంచుకుని నిలబడేవాళ్ళం. మాతో నిలబడినవాళ్ళలో ఇద్దరు ఆ ఏడాది పరీక్షలు రాయలేదు. రిజిస్టరులో వాళ్ళకి ఏ కారణం రాశారో మాకు తెలియదు గానీ, మమ్మల్ని నిలబెట్టినందుకని మాత్రం రాసి ఉండరు.

బడిని కర్తగా చేసి, నువ్వు మారు అని ఆదేశించిన సందర్భం ఒకటి ఉంది. మధ్యాహ్న భోజనం కేసులో 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వంటవాళ్ళ నియామకంలో దళితులకీ, ఎస్సీ ఎస్టీలకీ ప్రాధాన్యం ఇవ్వాలంది. దళిత స్త్రీ వండిన అన్నం తమ పిల్లలు తినరని దేశంలో అనేకచోట్ల అగ్రకులాలవాళ్ళు గొడవలు చేశారు. అప్పుడు బయటపడింది ముప్పు ఎక్కడుందో. అది పిల్లవాడి ఇంట్లో లేదు, బడి వంటగది గుమ్మంలో ఉంది. "ముప్పు" మీద పరిశోధన చేసేవాళ్ళు ఆ గుమ్మం దగ్గర ఎన్నిసార్లు ఆగారు?

మందు పేరు చేతిపని

కారణం పిల్లవాడిలో ఉందని తేల్చాక మందు కూడా పిల్లవాడికే ఇవ్వాలి. పుస్తకం అబ్బనివాడికి పని నేర్పాలంటారు. ఈ ఆలోచనకి పెద్ద వంశావళి ఉంది. 1937లో గాంధీ వార్ధాలో చేతివృత్తి చుట్టూ చదువు అల్లాలన్నాడు. 1953 జూన్‌లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో పల్లె బడుల్ని ఒక పూటకి కుదించాడు. రెండో పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది అక్టోబరు 1న. అంటే ఆ జూన్‌లో మన విశాఖ జిల్లా, ఏటికొప్పాకతో సహా, మద్రాసు రాష్ట్రంలోనిదే. పెరియారూ ద్రావిడ ఉద్యమమూ దానికి "కులవిద్య" అని పేరు పెట్టి వీధికెక్కారు. జూలై నెలాఖరుకి పథకం ఆపాలన్న తీర్మానం మీద శాసనసభలో ఓట్లు సమానంగా చీలిపోయాయి. చివరికి 1954లో కామరాజ్ వచ్చి దాన్ని రద్దు చేశాడు.

తమిళులు ఈ చరిత్రని ఇప్పటికీ పిల్లలకి చెప్తారు. మనం మర్చిపోయాం. మర్చిపోయాం కాబట్టే అది మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయాం.

2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ళలోపు పిల్లలు ఏ పనీ చేయకూడదని గట్టిగా రాశారు. రాసి, కుటుంబం పనిలో, కుటుంబ వ్యాపారంలో, బడి అయ్యాకా సెలవుల్లోనూ సాయం చేయొచ్చని కిటికీ తెరిచారు, ప్రమాదకరమైన పనులు మినహా. కుటుంబ పని అంటే ఏమిటి? షావుకారు కొడుక్కి కొట్టులో కూర్చోవడం. చెప్పులు కుట్టే ఇంట్లో తోలు పని. చెరకు నరికే ఇంట్లో మోపులు మోయడం. ఈ దేశంలో కుటుంబ వృత్తి అంటే కులవృత్తి. ఆ సంగతి చట్టం రాసినవాళ్ళకి తెలియదనుకోలేం.

2020 విద్యా విధానం దీనికి మెరుగు పెట్టింది. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, ఊళ్ళోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పిల్లలు పని చూసి నేర్చుకోవాలంది. 2025 నాటికి సగం మంది విద్యార్థులకైనా వృత్తి విద్య పరిచయం కావాలని లక్ష్యం పెట్టుకుంది. బొమ్మలతో బోధన అన్నది కూడా ఇప్పుడు పెద్ద మాట. ఏటికొప్పాక లాంటి ఊరు ఈ పుస్తకాలకి ముఖచిత్రంగా సరిగ్గా సరిపోతుంది.

మా మాట అపార్థం కాకూడదు. లేతు మీద చెయ్యి తిరిగిన పనివాడు మాకు గురువే. చెట్ల నుంచీ గింజల నుంచీ రంగు తీసే విద్య ఏ రసాయన శాస్త్రానికీ తీసిపోదు. చేతిపనిని తక్కువ చూసింది బ్రాహ్మణ్యమే గానీ మనం కాదు. 1882లో హంటర్ కమిషన్ ముందు ఫూలే కూడా బడిలో వ్యవసాయం నేర్పమనే అడిగాడు. కానీ ఆయన అడిగిన జాబితాలో చదవడం, రాయడం, లెక్కలు, చరిత్ర, భూగోళం, వ్యాకరణం ముందున్నాయి. పన్నెండేళ్ళ దాకా అందరికీ నిర్బంధంగా చదువు చెప్పమన్నాడు. రైతుల పన్నుతో పై కులాల ఉన్నత విద్య నడుస్తోందని నిలదీశాడు. పనిని చదువులోకి తెమ్మన్నాడు. పిల్లల్ని చదువులోంచి పనిలోకి పంపమనలేదు.

తేడా పది రోజుల్లో తెలియదు. పదకొండో రోజున తెలుస్తుంది. విశాఖపట్నం నుంచి బస్సులో వచ్చిన ప్రైవేటు బడి పిల్ల లేతు తిప్పి, ఫొటో దిగి, బొమ్మ కొనుక్కుని, పదకొండో రోజున లెక్కల క్లాసులో ఉంటుంది. ఆ పిల్లకి అది అనుభవం. అదే పది రోజుల్లో "వీడికి చేతిపని బాగా వస్తోంది" అని పేరు పడ్డ పేట పిల్లవాడు పదకొండో రోజున ఎక్కడుంటాడు? వాడికి అది జాతకం. ఒకే పాఠ్యాంశం, ఇద్దరికీ రెండు జీవితాలు. ఈ తేడాని కొలిచే పరిశోధన మాకు కనపడలేదు.

షరతులన్నీ ఇంటికే

డబ్బు ఇచ్చే పథకాల సంగతీ అంతే. 2020 జనవరిలో మన రాష్ట్రంలో అమ్మఒడి మొదలైంది. ఏడాదికి 15,000 రూపాయలు తల్లి ఖాతాలో. 2025లో అది పోయి తల్లికి వందనం వచ్చింది. ఈ డబ్బు వల్ల మేలు లేదని మేం అనం. పేట తల్లి చేతికి అంత మొత్తం ఒకేసారి అందడం చిన్న సంగతి కాదు. కానీ అమ్మఒడికి 75 శాతం హాజరు షరతు పెట్టారు. పిల్ల రోజులు తప్పితే డబ్బు పోతుంది. మాస్టారు పాఠం తప్పితే, పిల్లని వెనక కూర్చోబెడితే, ఎవరికి ఏం పోతుంది? ఇంటికి షరతు ఉంది, బడికి లేదు.

2022లో 117 జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని ప్రాథమిక బడి నుంచి తీసి హైస్కూళ్ళలో కలిపారు. 1929 నాటి "స్థిరీకరణ" మళ్ళీ లేచి వచ్చింది. పేట బడి ఎట్లాంటిదైనా పేటలో ఉంటుంది. తల్లి పొలం నుంచి కేకేస్తే వినపడేంత దూరంలో ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఊరు దాటి, ఊరి పిల్లల మధ్యకి నడిచి వెళ్ళడం మ్యాపు మీద దూరం లెక్క. పేటకి అది అంతకంటే ఎక్కువ దూరం. 2025లో ఆ జీవోని రద్దు చేశారు. మధ్యలో మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళలో మూడో తరగతి పిల్ల ఎక్కడ ఆగిపోయిందో లెక్క తీస్తే, ఆ పిల్ల పేరు "డ్రాపౌట్" జాబితాలో ఉంటుంది. జీవో పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

చదివితే ముప్పు తీరుతుందా?

ఈ పరిశోధనలన్నిటికీ ఒక సుఖాంతం ఉంటుంది. పిల్లవాడు చదివితే ముప్పులోంచి బయటపడతాడు. మన అనుభవం అంత సూటిగా లేదు. 1991లో చుండూరులో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు అగ్రకులంవాడికి తగిలిందన్న దగ్గర. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. చదువుకున్నవాడు తల వంచలేదన్నదే అక్కడ నేరం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, హాస్టల్ నుంచి వెలివేయబడిన రోహిత్ వేముల చనిపోయాడు. అతను బడి మానేసినవాడు కాదు. పిహెచ్.డి. దాకా వచ్చినవాడు. ఈ విధానాల లెక్కలో ముప్పు దాటేసినవాడు.

అంటే ముప్పు చదువు లేకపోవడంలో మాత్రమే లేదు. దళితుడు తన జాగాలోంచి కదిలినప్పుడల్లా అది ఎదురొస్తుంది. ఒకటో తరగతిలో కదిలితే ఒక రూపంలో, యూనివర్సిటీలో కదిలితే ఇంకో రూపంలో. అందుకే ముప్పుని పిల్లవాడి గుణంగా రాసే ఏ పరిశోధనా మనకి పనికిరాదు.

విమర్శ మా మీదా పెట్టుకోవాలి. ఫెలోషిప్పు డబ్బుతో, క్లిప్పు బోర్డు పట్టుకుని మేం కూడా పేటకే వెళ్ళాం. తల్లినే అడిగాం. హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి, మీ బడి ఈ పిల్లకి ఏం చేసింది అని మొదట అడగలేదు. పేట తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది కాబట్టి పరిశోధన అక్కడికే పోతుంది. అక్కడికే పోతుంది కాబట్టి కారణాలు అక్కడే దొరుకుతాయి.

ఈ పత్రిక చదివే టీచర్లకీ, విద్యార్థులకీ, కార్యకర్తలకీ మేం చెప్పేది పెద్ద సిద్ధాంతం కాదు. వాక్యం తిప్పి రాద్దాం. "ఈ బడి ఈ ఏడాది ఇంతమంది మాదిగ పిల్లల్ని, ఇంతమంది మాల పిల్లల్ని, ఇంతమంది ఆదివాసీ పిల్లల్ని పోగొట్టుకుంది" అని రాద్దాం. ప్రశ్నావళిలో తండ్రి వృత్తి గడి పక్కన మాస్టారు ఎవరి పలక దిద్దాడో గడి పెడదాం. సంచీ లేని పది రోజులు అయ్యాక పదకొండో రోజు హాజరు తీద్దాం. విద్యా కమిటీల్లో ఉన్న పేట తల్లిదండ్రులు ఆ కాగితం పట్టుకుని అడిగేలా చేద్దాం. షరతులు పెట్టాలంటే ముందు బడికి పెట్టమందాం.

ఏటికొప్పాక దగ్గర ఆ తల్లిని మేం ఇంకో ప్రశ్న కూడా అడిగాం. మీ వాడికి చదువు అబ్బలేదని మాస్టారు ఎప్పుడు చెప్పాడమ్మా అని. కాసేపు ఆలోచించి చెప్పింది: "రెండో తరగతిలో బాబూ."

ఏడేళ్ళ పిల్లవాడి గురించి తీర్పు అయిపోయింది. ఆ తీర్పు ఇచ్చినవాళ్ళ పేరు మీద మొదలవ్వాలి మన పరిశోధన.